చెల్కలో కూలిన విమానం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో కూలిన శిక్షణ విమానాల గురించి వచ్చిన ఉత్తరాలను ఈ సంచికలో ఒకచోట చేర్చాం. ఒకే సంగతిని ఇద్దరు ముగ్గురు అడిగినచోట కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: యుద్ధం రోజుల్లో మా ఊరి చెల్కలో విమానం పడిందని మా నాయనమ్మ చెప్పేది. రెక్క మీద రెక్క ఉండేదట, ఒళ్లంతా గుడ్డేనట, లోపల ఇద్దరున్నారట. అది ఏ విమానం? బాంబులు వేసేదా?
– ఒక పాఠకురాలు, మేడ్చల్

జవాబు: బాంబుల విమానం కాదు. రెక్క మీద రెక్క, గుడ్డ, ముందొకరు వెనకొకరు కూర్చునే రెండు గుంతలు. ఈ మూడు గుర్తులూ కలిశాయంటే అది దాదాపుగా టైగర్ మాత్ అయి ఉంటుంది. విమానం నడపడంలో ఓనమాలు దిద్దించే బండి అది. యుద్ధకాలంలో బేగంపేటలో ఒకటో నంబరు ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ నడిచింది. రెండో నంబరు స్కూలు జోధ్‌పూర్‌లో ఉండేది. కుర్రవాళ్లు మొదట లాహోర్ దగ్గరి వాల్టన్‌లో తరగతి చదువు ముగించుకుని ఈ రెండింటిలో ఒకచోటికి వచ్చేవారు. ఇక్కడ టైగర్ మాత్ చేతికొచ్చాక పెద్ద విమానాల కోసం అంబాలా వెళ్లేవారు.

మీ నాయనమ్మ గుడ్డ అన్నది అక్షరాలా నిజం. ఒంటికి ఉక్కు గొట్టాల చట్రం, రెక్కలకు కర్ర చట్రం, రెండింటి మీదా బిగించి కట్టిన గుడ్డ, ఆ గుడ్డకు డోప్ అనే వార్నిషు పూత. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 29 అడుగుల 4 అంగుళాలు. పొడవు 24 అడుగులకు ఒక్క అంగుళం తక్కువ. ఖాళీ బరువు 506 కిలోలు. నాలుగు సిలిండర్ల జిప్సీ మేజర్ ఇంజను, 130 గుర్రాల శక్తి. 19 గ్యాలన్ల, అంటే 86 లీటర్ల పెట్రోలు ట్యాంకు పై రెక్క నడిమధ్యన, సరిగ్గా మనుషుల తలల పైన ఉంటుంది. బ్రేకుల్లేవు, బ్యాటరీ లేదు, రేడియో లేదు. పంకాను చేత్తో తిప్పి స్టార్టు చేసేవారు. గురువు ముందు గుంతలో, శిష్యుడు వెనక గుంతలో. ఇద్దరి మధ్య మాటలు ఒక రబ్బరు గొట్టం గుండా నడిచేవి.

ఊళ్లో ఇంకా చూసినవాళ్లో, చూసినవాళ్ల నోట విన్నవాళ్లో ఉంటే నాలుగు సంగతులు అడగండి. ఇంజను మూతి గుండ్రంగా ఉందా, కోలగా ఉందా? రెక్కలు ఒక జతా, రెండు జతలా? కింది భాగం పసుపు రంగా? రెక్క మీది గుండ్రటి ముద్రలో ఏయే రంగులున్నాయి? గుండ్రటి మూతి, ఒకే జత రెక్కలు, లోహపు ఒళ్లు అయితే అది హార్వర్డ్ అనే పెద్ద శిక్షణ విమానం. దానికి తొమ్మిది సిలిండర్ల 600 గుర్రాల ఇంజను, రెక్కల వెడల్పు 42 అడుగులు. పసుపు రంగు అడుగుభాగం శిక్షణ విమానానికి గుర్తు. ముద్రలో ఎరుపు లేకుండా నీలం, లేత నీలం మాత్రమే ఉంటే యుద్ధం నడిమి కాలం నుంచి చివరిదాకా ఎప్పుడైనా కావచ్చు. ఎర్ర చుక్క చూసి జపాను విమానమనుకుంటారని ఈ ప్రాంతంలో ఆ రంగు తీసేశారు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ అని చెబితే అది స్వాతంత్ర్యం తరువాతి సంగతి. పెద్దవాళ్లు యుద్ధం అన్నప్పుడల్లా అది 1939–45 యుద్ధమే కానక్కర్లేదు. 1948 పోలీసు చర్య, 1962, 1965 కూడా వాళ్ల నోట యుద్ధాలే. ఏ యుద్ధమో ముందు తేల్చుకోకపోతే తరువాతి వెతుకులాటంతా దారి తప్పుతుంది.

ప్రశ్న: మా దగ్గర పడింది జపాను విమానమని ఊరంతా అంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, భువనగిరి

జవాబు: కాదు. జపాను విమానాలు 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచి విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అవి తీరం వదిలి హైదరాబాదు దాకా రాలేదు. ఆ రోజుల్లో తీరం నుంచి జనం ఇళ్లు వదిలి లోపలి ఊళ్లకు వచ్చేశారు. వాళ్లతోపాటు ఆ భయమూ వచ్చింది. కూలిన ప్రతి విమానమూ జపానుదే అనిపించడంలో వింత లేదు.

ప్రశ్న: శత్రువు లేని చోట, తుపాకీ పేలని చోట, శిక్షణలోనే అన్ని విమానాలు ఎందుకు కూలేవి? నేను ఏరోనాటికల్ ఇంజనీరింగు చదువుతున్నాను. సాంకేతికంగా చెప్పగలరా?
– ఒక విద్యార్థి, దుండిగల్

జవాబు: ముందు ఆ నష్టం ఎంతటిదో చూడండి. అమెరికా సొంత గడ్డ మీద జరిగిన సైనిక విమాన ప్రమాదాల్లోనే ఆ యుద్ధకాలంలో సుమారు 15 వేల మంది పోయారు. బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో యుద్ధానికి వెళ్లకుండా ప్రమాదాల్లో పోయినవారు 8 వేల పైచిలుకు. కెనడాలో జరిగిన కామన్వెల్త్ శిక్షణలో 856 మంది. వీళ్లలో చాలామంది ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న పిల్లలు.

హైదరాబాదుకు వస్తే మొదటి కారణం మన ఎండే. బేగంపేట విమానాశ్రయం సముద్ర మట్టానికి 1,742 అడుగుల ఎత్తున ఉంది. విమానాలవాళ్ల ప్రామాణిక లెక్క ప్రకారం ఆ ఎత్తులో ఉండాల్సిన ఉష్ణోగ్రత 11.5 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలుంటే 28 డిగ్రీల పైచిలుకు ఎక్కువన్నమాట. వేడికి గాలి పలచబడుతుంది. ఎక్కువైన ఒక్కో డిగ్రీ 120 అడుగులు పైకి పోయినదానితో సమానమని కడితే 3,400 అడుగులు. అసలు ఎత్తుకు అది కలిపితే 5,100 అడుగులకు పైనే. అంటే విమానం నేల మీదే ఉన్నా, దాని రెక్కకూ ఇంజనుకూ అయిదు వేల అడుగుల పైన ఉన్న పలచటి గాలే అందుతుంది. 130 గుర్రాల ఇంజను 110 దగ్గర ఆగిపోతుంది. పరుగు పొడవవుతుంది, పైకి లేవడం మందగిస్తుంది. స్పీడు ముల్లు మామూలు అంకెనే చూపిస్తుంది కానీ అసలు వేగం దానికంటే 8 శాతం దాకా ఎక్కువ. ఆ వేగంతో నేలను తాకితే దెబ్బలోని శక్తి 16 శాతం పెరుగుతుంది. ఎండాకాలం శిక్షణ తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించడం ఇందుకే.

రెండోది, ప్రాణాలు ఎక్కువగా తీసింది, దిగబోయే ముందు తిరిగే ఆఖరి మలుపు. టైగర్ మాత్ ఎటూ వాలకుండా సమంగా ఎగురుతున్నప్పుడు గంటకు 45 మైళ్ల దగ్గర రెక్క పట్టు వదులుతుంది. దాన్ని స్టాల్ అంటారు. 45 డిగ్రీలు వాల్చి తిప్పితే అదే స్టాల్ 53 మైళ్లకు వస్తుంది. 60 డిగ్రీలు వాల్చితే 63కే వస్తుంది. శిష్యుడు మలుపు ఆలస్యంగా మొదలుపెట్టి రన్‌వే దాటిపోతున్నానని గమనిస్తాడు. ఇంకా వాల్చడానికి భయం. అందుకని కాలితో తోక చుక్కానిని, అంటే రడ్డరును తిప్పి ముక్కును లోపలికి తోస్తాడు. తోసేసరికి ముక్కు వాలుతుంది. దాన్ని నిలపడానికి చేతిలోని నడిపే కర్రను వెనక్కి లాగుతాడు. లోపలి రెక్క ముందుగా పట్టు వదిలి విమానం గిరగిరా తిరుగుతూ కిందికి దిగుతుంది. దీన్నే స్పిన్ అంటారు. వెనక నుంచి గాలి తోస్తుంటే నేల వేగంగా జరుగుతున్నట్టు కనబడి, స్పీడు చాలా ఉందనుకుని ఇంజను ఇంకా తగ్గించడం దీనికి తోడయ్యేది.

స్పిన్ నుంచి బయటపడటం కష్టమేమీ కాదు, ఎత్తు ఉంటే. ఇంజను పూర్తిగా తగ్గించాలి. తిరుగుతున్న వైపుకు ఎదురు కాలు పూర్తిగా తొక్కాలి. ఒక్క క్షణం ఆగి కర్రను ముందుకు తోయాలి. తిరగడం ఆగగానే కాళ్లు సమానం చేసి, మెల్లగా పైకి లాగాలి. ఇదంతా జరిగేలోపు విమానం కొన్ని వందల అడుగులు దిగిపోతుంది. మూడు వేల అడుగుల మీద ఇది రోజువారీ పాఠం. అయిదు వందల అడుగుల మీద దీనికి వ్యవధే లేదు. కొన్ని టైగర్ మాత్‌లు స్పిన్ నుంచి సరిగా తేరుకోవడం లేదని తేలి, 1941 నుంచి తోక రెక్కకు ముందు రెండు పక్కలా సన్నటి పట్టీలు బిగించారు. పాత ఫోటో దొరికితే ఆ పట్టీలున్నాయో లేవో చూడండి. విమానం ఏ కాలానిదో కొంత తెలుస్తుంది.

మూడోది లేచిన వెంటనే ఇంజను ఆగడం. మూడు వందల అడుగుల ఎత్తున ఇంజను ఆగితే ఎదురుగా ఏముంటే అందులోనే దిగాలి. వెనక్కి తిప్పి విమానాశ్రయానికి చేరదామనుకున్నవాళ్లు మలుపులోనే పడిపోయేవారు. ఎదురుగా దిగినా మన నేల అంత మెత్తటిది కాదు. నీళ్లు పెట్టిన వరి మడిలో చక్రాలు కూరుకుపోయి విమానం ముక్కు మీద లేచి తలకిందులవుతుంది. అందులో విమానం పోయినా మనుషులు బతికేవారు. చెల్కల్లో గుండ్రాళ్లు, చెరువు కట్టలు, తాటి వరసలు, రైలు పట్టాల పక్కన తంతి తీగలు. తీగ పైలట్‌కు కనబడేసరికి తప్పించే దూరం మిగిలి ఉండదు. అనుమతి లేకుండా ఊళ్ల మీద తక్కువ ఎత్తున ఎగరడం అన్ని స్కూళ్లలోనూ పెద్ద తప్పు. అయినా మొదటిసారి ఒంటరిగా ఎగిరిన కుర్రవాడికి ఆ ఉబలాటం ఆగేది కాదు.

హార్వర్డ్ కథ వేరు. నేల మీద పరుగెత్తేటప్పుడు తోక పక్కకు జారి బండి గిర్రున తిరిగిపోతుంది. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. రెక్క విరుగుతుంది గానీ ప్రాణం సాధారణంగా దక్కుతుంది. గాలిలో స్టాలైతే మాత్రం ఒక రెక్క ఒక్కసారిగా వాలిపోతుంది, టైగర్ మాత్‌లా ముందే మెత్తగా చెప్పదు. చక్రాలు ముడుచుకునే విమానం కాబట్టి చక్రాలు దించడం మరచి పొట్ట మీద దిగడం ఇంకొకటి.

ప్రశ్న: పారాచూట్ ఉండేది కదా, దూకేయొచ్చు కదా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఉండేది. ఆ పారాచూట్ మూట మీదే కూర్చునేవారు. దూకాలంటే ఇంజను తగ్గించాలి, చెవి గొట్టం ఊడదీయాలి, నాలుగు పట్టీలను కలిపే పిన్ను లాగాలి, పక్క తలుపు రెక్క దించాలి, రెక్క మీదికి కాలు పెట్టి వెనక్కి, కిందికి దూకాలి. దూకాక తాడు లాగాలి, గొడుగు విచ్చుకోవడానికి మళ్లీ రెండు మూడు సెకన్లు. పైన చెప్పిన ప్రమాదాల్లో చాలావరకు వెయ్యి అడుగుల లోపు జరిగినవి. పిన్ను దాకా చెయ్యి పోయేలోపే నేల వచ్చేది.

ప్రశ్న: పొలం దున్నుతుంటే జానెడు పొడవు లోహపు రేకు దొరికింది. చాలా తేలిక. ఒక అంచున వరసగా రివెట్లు, లోపలి వైపు పసుపు పచ్చటి పూత, మూలన 88– అని మొదలయ్యే నంబరు. అక్కడే ఒక ఉక్కు గొట్టం ముక్క కూడా ఉంది. రెండు విమానాలు పడ్డాయనుకోవాలా?
– ఒక రైతు, శామీర్‌పేట

జవాబు: అనుకోనక్కర్లేదు. ఈ ఉత్తరం చదివి మాకు చాలా సంతోషమైంది, ఎందుకంటే మీరు నంబరు చూశారు.

రేకు టైగర్ మాత్ రెక్కది కాదు. దాని రెక్కలు కర్రా గుడ్డా కాబట్టి అవి మట్టిలో ఎన్నడో కలిసిపోయి ఉంటాయి. అందులో రేకు ఉండేది ఇంజను కప్పు, పెట్రోలు ట్యాంకు లాంటిచోట్లే. వరస రివెట్లున్న తేలిక రేకు, లోపల పసుపు పచ్చటి జింక్ క్రోమేట్ పూత, ఇవి హార్వర్డ్ వైపు చూపిస్తున్నాయి. నార్త్ అమెరికన్ కంపెనీ తన భాగాల నంబర్లను మోడల్ నంబరుతో మొదలుపెట్టేది. 88 అన్నది యుద్ధకాలంలో చేసిన హార్వర్డ్ తరగతి విమానాల నంబరు. ఒక జాగ్రత్త ఉంది. ఒక భాగం పాత మోడల్లో మొదట గీసినదైతే కొత్త మోడల్లోనూ పాత నంబరే ఉంటుంది. అందుకే ఒక్క ముక్కతో తీర్పు ఇవ్వకండి. మూడు నాలుగు ముక్కల నంబర్లు దొరికితే వాటిలో అన్నిటికన్నా పెద్ద మోడల్ నంబరును నమ్మండి. ఇక ఉక్కు గొట్టం సంగతి. హార్వర్డ్ ముందు భాగం లోపల ఉక్కు గొట్టాల చట్రమే, దాని మీద ఊడదీయగల లోహపు పలకలు. కాబట్టి రేకూ గొట్టమూ ఒకే విమానంలోవి కావచ్చు.

బ్రిటిష్ సామాను దొరికితే గుర్తులు వేరు. కిరీటం బొమ్మ, దాని కింద ఎ.ఎం. (ఎయిర్ మినిస్ట్రీ) అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఆపైన స్టోర్సు నంబరు. ఆ నంబరు 6ఎ అని మొదలైతే డయల్ లాంటి పరికరం, 5సి అయితే కరెంటు స్విచ్చులు, 15ఎ అయితే పారాచూట్ సామాను, 22సి అయితే పైలట్ తొడుగులు.

శుభ్రం చేసేటప్పుడు ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండు, నిమ్మకాయ, బూడిద వాడకండి. పులుపు ఈ లోహాన్ని తినేస్తుంది, పలచగా కొట్టిన నంబరు ముందుగా చెరిగిపోతుంది. వైరు బ్రష్షు వద్దు. మంచినీళ్లు, పాత టూత్ బ్రష్షు చాలు. నీడలో పూర్తిగా ఆరనిచ్చి, చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లంతో కలిపి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. పసుపు పచ్చటి పూతను గీకకండి, గరుకు కాగితంతో రుద్దకండి. ఆ పొడి విషం. తెల్లటి పొడి రాలుతున్న తేలిక ముక్కలను కోయకండి, గ్రైండరు పెట్టకండి. మెగ్నీషియం కలిసిన లోహమైతే ఆ రజను భగ్గున మండుతుంది, నీళ్లు పోస్తే ఇంకా రెచ్చిపోతుంది. డబ్బాలో పెట్టేముందు పక్కన స్కేలు పెట్టి రెండు వైపులా ఫోటో తీయండి. దొరికిన చోట నిలబడి ఫోనులో లొకేషన్ నమోదు చేసి, ఎంత లోతున దొరికిందో కాగితం మీద రాసి ముక్కతోపాటే ఉంచండి. రేగడి భూమి ఎండకు బీటలు వేసి, వానకు ఉబ్బి, వస్తువులను పైకీ కిందికీ కదుపుతుంది కాబట్టి అక్కడ లోతును పెద్దగా నమ్మలేం. మీది ఎర్రమట్టి చెల్క అయితే ఆ లోతు పనికొస్తుంది.

కర్ర పంకా మొదలు దొరికినవాళ్లు కూడా రాశారు. రెండు ఆకులూ మొదటికంటా పేలికలైపోతే నేలను తాకినప్పుడు ఇంజను జోరుగా తిరుగుతోందని అర్థం. ఒక ఆకు నిండుగా మిగిలితే ఇంజను అప్పటికే ఆగి ఉంది. హార్వర్డ్ లోహపు పంకా అయితే ఆకుల కొసలు ముందుకు మెలిపడటం జోరుకు గుర్తు, వెనక్కి వంగడం ఇంజను ఆగిందనడానికి గుర్తు.

ప్రశ్న: తేదీ తెలియదు, పేర్లు తెలియవు. రికార్డులు ఎక్కడ, ఎలా వెతకాలి?
– ముగ్గురు పాఠకులు, సిద్దిపేట, చేవెళ్ల, సికింద్రాబాదు

జవాబు: తేదీ లేకుండా ఏ తలుపూ తెరుచుకోదు. నెల, సంవత్సరం వరకైనా రాబట్టాక మొదలుపెట్టండి.

ఊరి జ్ఞాపకంలో తేదీలుండవు, పండుగలూ పంటలూ ఉంటాయి. ‘పీర్ల పండుగ అప్పుడు’ అని చెబితే బంగారం దొరికినట్టే, ఎందుకంటే అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 1942, 1943లో అది జనవరి రెండో సగంలో వచ్చింది. 1944లో జనవరి మొదటి వారంలో ఒకసారి, డిసెంబరు ఆఖరులో మళ్లీ ఒకసారి. బతుకమ్మ, జొన్న కోత, చెరువు అలుగు పారడం లాంటివి నెలను చెబుతాయి గానీ ఏడును చెప్పవు. ఏడుకు ఇంట్లో ఎవరి పుట్టుకనో, పెళ్లినో పక్కన పెట్టి అడగండి: ‘మీ పెద్దన్న పుట్టకముందా, తరవాతా?’

నిజాం ప్రభుత్వ కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. అది అక్టోబరు మొదటి వారంలో ఆజర్ నెలతో మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఫసలీకి 590 కలపండి, జనవరి నుంచి సెప్టెంబరు దాకా 591. 1352 ఫసలీ దై నెల అంటే 1942 నవంబరు, డిసెంబరు. చాలామంది ఏడాది పొడవునా 590 కలిపి ఒక ఏడు వెనక వెతుకుతున్నారు.

విమానం పడితే పోలీసు పటేలు ఠాణాకు కబురు చేయాలి, పంచనామా జరగాలి, పంట పోతే అర్జీ పడాలి. అలాంటి కాగితాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగండి. పాత కాగితాలు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి, చదవగలవాళ్లను వెంట తీసుకెళ్లండి. మీ ఊరు అప్పట్లో దివానీ (నేరుగా ప్రభుత్వం) కిందదా, జాగీరా, సర్ఫ్-ఎ-ఖాస్ కిందదా అన్నది ముందే తెలుసుకోవాలి. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా నిజాం సొంత ఎస్టేటు సర్ఫ్-ఎ-ఖాస్‌లోది. ఆ ఊళ్ల కోసం దివానీ దస్త్రాలు తిరగేస్తే రోజులు వృథా. గోలకొండ పత్రిక పాత సంచికలు అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయంలోనూ, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ అడిగి చూడండి. యుద్ధకాలపు సెన్సారు వల్ల ఊరి పేరు, విమానం పేరు లేకుండా రెండే రెండు వాక్యాలుండవచ్చు. ‘అధికారి మృతి’ లాంటి చిన్న శీర్షికలు కూడా వదలకండి.

సైనిక రికార్డులు లండన్ వైపున్నాయి. అక్కడి క్యూ అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ‘ఎయిర్ 29’ అన్న వరస శిక్షణ స్కూళ్లలాంటి యూనిట్ల దినచర్యది. ఫారం 540 అంటారు, నెలకో కట్ట. స్క్వాడ్రన్ల వరస ‘ఎయిర్ 27’. శిక్షణ విమానానికి అక్కడ వెతకడం పొరపాటు. ప్రమాదానికి ఒక్కోదానికి ఒక్కో కార్డు, ఫారం 1180, లండన్ హెండన్‌లోని ఆర్.ఎ.ఎఫ్. మ్యూజియంలో ఉంటుంది. ఆ కార్డులు విమాన రకం, తేదీ చొప్పున పేర్చినవి. అందుకే ఊరి పేరుతో రాస్తే జవాబు రాదు. ‘టైగర్ మాత్, 1943 జనవరి, హైదరాబాదు స్టేట్’ అని రాస్తే వస్తుంది. కార్డులో విమానం సీరియల్, పైలట్ పేరు, గాలిలో గడిపిన గంటలు, కారణం పొట్టి అక్షరాల్లో ఉంటాయి. కారణం గడిలో ‘పైలట్ తప్పు’ అని ఉంటే దాన్నే ఆఖరి మాటగా తీసుకోకండి. కొద్ది గంటలే ఎగిరిన పిల్లవాడి మీద ఆ మాట రాయడం తేలిక. గంటలెన్నో, ఆ రోజు వాతావరణమేమిటో కలిపి చదివితేనే న్యాయం.

ప్రశ్న: చనిపోయినవాళ్లను ఎక్కడ పూడ్చారు? మా ఊళ్లోనే సమాధి ఉందంటారు.
– ఒక ఉపాధ్యాయుడు, వికారాబాదు

జవాబు: తాత్కాలికంగా ఎక్కడ పూడ్చినా, తరువాత దక్షిణ, తూర్పు భారతంలోని సివిల్, కంటోన్మెంటు శ్మశానాల నుంచి చాలా యుద్ధ సమాధులను చెన్నై నందంబాక్కంలోని మద్రాసు వార్ సెమెటరీకి మార్చారు. పశ్చిమ, మధ్య ప్రాంతాలవి పుణె ఖడ్కీకి వెళ్లాయి. కాబట్టి ఊళ్లో ఉన్నది ఖాళీ గుంత కావచ్చు, పడిన చోట పెట్టిన గుర్తురాయి కావచ్చు.

దహనం చేసిన భారతీయ వైమానికుల పేర్లకు సమాధిరాయి ఉండదు. యుద్ధరంగం కాని చోట్ల మరణించిన అవిభక్త భారత సైనికులు 25 వేల మంది స్మృతి ఢిల్లీ, కరాచీ 1939–1945 స్మారకాల కింద ఉంది. శిక్షణలో పోయినవాళ్ల కోసం ముందు అక్కడే చూడాలి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాను నెట్‌లో ఎవరైనా వెతకవచ్చు. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సర్వీసులో ఉండగా పోయినవారు, శిక్షణ ప్రమాదంలో పోయినా, అందులో ఉంటారు. పేరు తెలియకపోతే తేదీ, వైమానిక దళం, దేశం పెట్టి వెతకండి. ఒకే తేదీన ఇద్దరి పేర్లు వచ్చాయంటే, ఒకరు గురువు, ఒకరు శిష్యుడు అయి ఉండవచ్చు.

ప్రశ్న: ఆ విమానాలన్నీ నిజాం ఇచ్చినవేనా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: శిక్షణ విమానాలు కావు. నిజాం విరాళంతో హైదరాబాదు పేరు పెట్టుకున్నవి బ్రిటిష్ స్క్వాడ్రన్లు: మొదటి యుద్ధంలో 110, రెండో యుద్ధంలో 152, 253. వీటిలో 152 చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది.

ప్రశ్న: పడిన చోట తవ్వవచ్చా? దొరికిన ఇనుము పాత సామాన్లవాళ్లకు అమ్మవచ్చా?
– ఇద్దరు పాఠకులు, తూప్రాన్, ఇబ్రహీంపట్నం

జవాబు: అమ్మకండి. కిలోల లెక్కన వచ్చే డబ్బు ఎంతో ఉండదు, నంబరు మాత్రం కొలిమిలో కరిగిపోతుంది. సైనిక విమానం కూలిపోయినా అది ప్రభుత్వ సొత్తే, పొలం మీదైనంత మాత్రాన మీది కాదు. పైగా 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువ గల వస్తువు గురించి కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. తహసీల్దారు ద్వారా ఒక దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన నకలు దగ్గర ఉంచుకోండి.

తవ్వకం సొంతంగా మొదలుపెట్టకండి. ఎముకలు కనబడితే అక్కడికక్కడ ఆపి పోలీసులకు చెప్పాలి. శిక్షణ విమానమైనా పేలుడు సామాను ఉండవచ్చు. సిగ్నల్ పిస్తోలు తూటాలు, 11.5 పౌండ్ల అభ్యాస బాంబులు. ఆ బాంబు పొగ కోసమే అయినా లోపల చిన్న పేలుడు మందు ఉంటుంది, తుప్పు పట్టినకొద్దీ దాన్ని నమ్మలేం. కడగకండి, కదపకండి, బకెట్టులో ఇంటికి తేకండి. 112కు ఫోను చేయండి. తూటాలు ఇంట్లో పెట్టుకోవడం ఆయుధ చట్టం కింద నేరం కూడా.

ఇంకొకటి డయల్. చీకట్లో మెరవడానికి దాని అంకెలకు రేడియం పూత పూసేవారు. ఇప్పుడు మెరవదు, ఎందుకంటే మెరిసే పదార్థం చచ్చిపోయింది. రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. అద్దం విప్పకండి, పగిలి ఉంటే చేత్తో తడమకండి. గట్టి సంచీలో కట్టి, పిల్లలు పడుకునే గదికి దూరంగా ఉంచి అధికారులకు అప్పగించండి.

ప్రశ్న: ఇప్పుడు మా పొలంలో విమానం పడితే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మెదక్ జిల్లా

జవాబు: ఈ భయానికి కారణం ఉంది. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర దుండిగల్ వైమానిక దళ అకాడమీ శిక్షణ విమానం కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. 112కు చెప్పి, గాలి ఎటు నుంచి వస్తోందో అటువైపు, పొగ మీ మీదికి రాని చోట నిలబడండి. కొత్తరకం విమానాల్లో నారలు కలిపి చేసిన భాగాలు కాలితే రాలే నూగు ఊపిరితిత్తుల్లోకి పోతే హాని. పసుపు నలుపు చారల పిడి కనబడితే ముట్టవద్దు. అది సీటును బయటికి విసిరే తూటాలది, పేలకుండా మిగిలి ఉండవచ్చు. మంట లేకపోయి, లోపలి మనిషి బతికి ఉంటే మెడ కదపకుండా పట్టుకుని సాయం వచ్చేదాకా మాట్లాడుతూ ఉండండి. ముక్కలు ఏరకండి. అవి పడిన చోటే దర్యాప్తుకు సాక్ష్యం.

ప్రశ్న: ఊళ్లో చిన్న స్మారక రాయి వేయాలనుకుంటున్నాం. ఏం చెక్కించాలి?
– ఒక యువజన సంఘం, కీసర

జవాబు: మంచి పని. భూమి యజమాని సమ్మతి, గ్రామ పంచాయతీ తీర్మానం కాగితం మీద తీసుకోండి. విమానం పడిన చోట కాకుండా బాట పక్కన, నాగలి తగలని చోట నిలపండి. మన నల్ల గ్రానైటు చాలు. మూడడుగుల పొడవు రాయిలో ఒక అడుగు నేలలోకి పోవాలి, కింద గులకరాళ్లు పోసి సిమెంటు వేయాలి, లేకపోతే మూడు వానలకు ఒరుగుతుంది. అక్షరాలు అంగుళానికి తగ్గకుండా, లోతుగా చెక్కించండి. రంగు నింపితే అయిదారేళ్లకు పోతుంది, చెక్కుడు పోదు.

తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి, వాళ్ల ఇంటివాళ్లు ఏ దేశం నుంచి వచ్చి చదువుతారో తెలియదు. తేదీ, విమాన రకం, సీరియల్, స్కూలు పేరు, మనుషుల పేర్లు, వయసు. పేర్ల స్పెల్లింగు సమాధుల కమిషన్ జాబితాలో ఉన్నట్టే ఉండాలి. ప్రమాద కారణం చెక్కించకండి. కార్డు కానీ, ఫారం 540 కానీ కంటితో చూసి సరిపోల్చని ఏ అంకెనూ రాయి మీదికి ఎక్కించకండి. పేర్లు ఇంకా దొరకలేదంటే తేదీ కింద నాలుగు వరసల చోటు ఖాళీగా వదిలి, చెక్కేవాడికి ఆ మాట ముందే చెప్పండి.